కులాల వనభోజనాలు చాలు! చాప పరుద్దాం, రండి!



పడమటి బజారు అవ్వ పోయి నెల దాటింది. రాత్రి తొమ్మిదింటికి పోయింది. కొడుకు హైదరాబాదులో. బస్సెక్కి ఊళ్లో దిగేసరికి తెల్లారింది. ఆ రాత్రంతా శవం పక్కన కూర్చున్నది ఎవరు? కోడలు, కోడలి తల్లి, పక్కింటి ఆడమనిషి. ముగ్గురు! ఆరొందల గడప ఉన్న ఊరు మనది. ముగ్గురే దొరికారు!

పొద్దున్న పాడె కట్టారు. మోసేందుకు నలుగురు లేరు. పక్కూరి నుంచి బంధువులు మోటారుసైకిళ్ల మీద వచ్చి భుజం పట్టారు.

ఎవరా అవ్వ? గుర్తు తెచ్చుకోండి. ఊరికి బస్సు లేని రోజుల్లో, ఆస్పత్రికి పోవాలంటే బండి కట్టాల్సిన రోజుల్లో, మనలో సగం మందికి బొడ్డు కోసిన మనిషి! అర్ధరాత్రి తలుపు కొడితే లాంతరు పట్టుకుని వచ్చిన మనిషి. ఏ పార్టీ అని అడిగిందా? ఏ కులం అని అడిగిందా? అందరినీ ఈ లోకంలోకి తెచ్చిన మనిషిని సాగనంపడానికి మనకు కాళ్లు రాలేదు.

ఎందుకు రాలేదు? ఆ ఇల్లు ‘అటువాళ్ల’ ఇల్లు. మనం వెళితే ‘ఇటువాళ్లు’ చూస్తారు. చూసి ఒకరితో చెబుతారు. ఆ ఒకరు రేపు పింఛను దగ్గరో, కాలవ నీళ్ల దగ్గరో మనల్ని పట్టుకుంటారు. అంతే! అంత చిన్న భయం.

ఈ కాగితం రాసినవాళ్లం పెద్దమనుషులం కాదు. ఆ రాత్రి మేమూ తలుపు సందులోంచి చూసినవాళ్లమే. ఒకడు టీవీ శబ్దం పెంచాడు, ఏడుపు వినపడకుండా. ఇంకొకడు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు. నెల రోజులు ఈ ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఊరు రెండయింది అంటాం. రెండేనా? లెక్క పెట్టండి! టీ కొట్లు రెండు. అటు తాగినోడు ఇటు తాగడు. ఆటోలు రెండు జట్లు. వినాయకచవితికి పందిళ్లు అయిదు! ఒక్కో కులానికి ఒకటి, పార్టీకి ఒకటి. ఒక పందిట్లో ప్రసాదం ఇంకో పందిరివాళ్ల పిల్లోడు తింటే వాళ్ల నాన్న వీపు మీద ఒకటి వేశాడు. ఏడేళ్ల పిల్లోడు! వాడికి వినాయకుళ్లు ఇంతమంది ఎందుకో అర్థం కాక ఏడ్చాడు. మనకు అర్థమైందా?

రామమందిరం తాళం సంగతి చెప్పనక్కర్లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న గొడవకు రెండేళ్లు నిండాయి. లోపల రాముడు, బయట తాళం. శ్రీరామనవమికి ఒక్క పూట తెరుస్తాం, పానకం తాగుతాం, మళ్లీ వేస్తాం. శనివారం భజన చేసే ముసలివాళ్లు ఇప్పుడు బయట అరుగు మీద కూర్చుని తాళాలు వాయిస్తున్నారు. తలుపుకూ తాళమే, చేతిలోనూ తాళమే! నవ్వు రాదు ఈ మాటకి.

2024 మే నెల మర్చిపోయారా? పోలింగు అయ్యాక పల్నాడంతా 144 సెక్షను. బజార్లలో పోలీసులు. మగవాళ్లు ఇళ్లొదిలి చుట్టాల ఊళ్లలో తలదాచుకున్నారు. మిర్చి కల్లాల్లో పడుకున్నోళ్లు ఉన్నారు. ఆడవాళ్లు పిల్లల్ని గుండెకు హత్తుకుని రాత్రుళ్లు మేలుకున్నారు. తర్వాత ఏమైంది? మనల్ని ఉసిగొలిపినవాళ్లు ఎక్కడున్నారు? వాళ్లు పెద్దింటి పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుని తింటున్నారు! అటు నాయకుడు ఇటు నాయకుడి భుజం తట్టి కిళ్లీ నోట్లో పెడుతున్నాడు. మనం? మన పిల్లలు వాయిదాల కోసం కోర్టు మెట్ల మీద నిలబడి ఉన్నారు. వాయిదాకి వెళితే ఆ రోజు కూలి పోయినట్టే. వకీలుకి ఫీజు, బస్సుకి ఛార్జీ. కేసు అటువాడి మీదా ఉంది, ఇటువాడి మీదా ఉంది. ఇద్దరూ ఒకే బస్సులో వెళతారు, ముందు సీట్లో ఒకడు, వెనక సీట్లో ఒకడు, మొహాలు తిప్పుకుని!

ఇదంతా రాజకీయం అనుకుని వదిలేద్దామా? కాదు. ఇది మన అన్నంలోకి వచ్చింది. మన అప్పులోకి వచ్చింది. మన చావులోకి వచ్చింది.

మిర్చి సంగతి చూడండి. 2021లో నల్లతామర పురుగు పడింది. పూత పూతంతా ముడుచుకుపోయింది. ఎంత మందు కొట్టినా చావలేదు. పీకేసిన తోటలు ఎన్ని! తర్వాత ఒకటి రెండేళ్లు ధర బాగుందని మళ్లీ వేశాం. ఎకరాకు లక్ష దాటి పెట్టుబడి. కౌలుకు చేసేవాడికి కౌలు అదనం. 2025 మొదట్లో ఏమైంది? గుంటూరు యార్డులో ధర ధబేల్మని పడింది. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని ఒక రేటు కట్టాల్సి వచ్చింది. అంతకు ముందు ఇరవై వేలు చూసిన కాయ! కోత కూలి, ఆరబెట్టే కూలి, బస్తా, లారీ, కమీషను. అన్నీ పోను చేతికొచ్చింది చూసుకుని కల్లంలోనే కూలబడినవాళ్లు మన ఊళ్లో ఎంతమంది?

తెలుసా మనకు? తెలియదు! అదే అడుగుతున్నాం. ఎందుకు తెలియదు?

ఒకప్పుడు తెలిసేది. రచ్చబండ దగ్గర కూర్చుంటే, మాట మాటలో ఎవడి పంట పోయిందో, ఎవడి నోటు గడువు దాటిందో బయటపడేది. ఎవడో ఒకడు ‘పోనీలే, రెండు బస్తాలు మాయింట్లో ఉన్నాయి, తీసుకెళ్లు’ అనేవాడు. ఇప్పుడు అప్పు రహస్యం. అప్పు పరువు తక్కువ. అటువాళ్లకి తెలిస్తే నవ్వుతారు, ఇటువాళ్లకి తెలిస్తే లెక్క చేయరు. అందుకని నూటికి మూడు రూపాయల వడ్డీ నోరు మూసుకుని కడతాం. ఫోన్లో అప్పిచ్చే యాప్‌లలో తీసుకుని, వాడు చుట్టాలందరికీ ఫోటోలు పంపుతానంటే రాత్రంతా కూర్చుని చెమటలు కక్కుతాం. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పం. చివరికి పొలంలో ఉన్న మందు డబ్బా వైపు చూపు పోతుంది.

అన్నా, ఆ చూపు నీకు ఎప్పుడైనా పోయిందా? మాలో ఒకడికి పోయింది. ఆ రాత్రి వాడి పొలం గట్టు మీదుగా ఒకాయన మోటారు ఆపడానికి వెళుతూ ‘ఏరా, ఇంకా ఇంటికి పోలా? బువ్వ తిన్నావా?’ అని అడిగాడు. అంతే. ఇంకేం అడగలేదు. పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. ఇద్దరూ తెల్లారేదాకా కూర్చున్నారు. వాడు బతికే ఉన్నాడు. ఈ కాగితంలో కొంత రాసింది వాడే.

బువ్వ తిన్నావా? ఈ మాటలో ఉన్న దేవుడు ఎన్ని గుళ్లలో ఉన్నాడు?

ఇప్పుడు కార్తీకం. పొద్దున్నే నాగులేరులో మునుగుతాం. దీపాలు వదులుతాం. సోమవారం ఉపవాసం ఉంటాం. మంచిదే! కానీ ఈ నెలలోనే మనం చేసే ఇంకో పని చూడండి. వనభోజనాలు! ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినాలని పెద్దలు పెట్టిన ఆచారం. ఇంట్లో వంట, ఊరందరి పంక్తి. ఇప్పుడు ఏమైంది? ఫలానా కులం వారి కార్తీక వనసమారాధన! ఫ్లెక్సీ కడతాం. మీసాలు దువ్విన ఫోటోలు వేస్తాం. మైకులో మన కులం ఎంత గొప్పదో చెప్పించుకుంటాం. మన కులం ఎమ్మెల్యేలు ఎంతమంది అని లెక్క పెట్టుకుంటాం. చికెను బిర్యానీ తింటాం, కార్తీక మాసంలో! ఉసిరిచెట్టు పాపం ఏం చేసింది? దాని నీడని కూడా కొలిచి పంచుకున్నాం.

మన ఊళ్లో పోయినేడు నాలుగు తోటల్లో నాలుగు వనభోజనాలు. మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ నాలుగు చోట్లా ఉన్నారు. ఎక్కడ? ఎంగిలాకులు ఎత్తే చోట!

ఇది పల్నాడేనా? మనం ఎక్కడున్నామో తెలుసా? కారెంపూడి మనకి ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. అక్కడ ఎనిమిది వందల ఏళ్ల కింద ఒకాయన చాప పరిచాడు. పన్నెండో శతాబ్దం మాట. బ్రహ్మనాయుడు! మాలా మాదిగా, వెలమా రెడ్డీ, చాకలీ మంగలీ, అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే కూడు పెట్టాడు. చాపకూడు! మాలవాడైన కన్నమదాసుని దండనాయకుణ్ని చేశాడు. ఎనిమిది వందల ఏళ్ల కింద! ఇవాళ మన పంచాయతీ మీటింగులో పల్లె వార్డు మెంబరు నిలబడే మాట్లాడుతున్నాడు. ఎవరు ముందుకు పోయారు, ఎవరు వెనక్కి?

బ్రహ్మనాయుడు విష్ణుభక్తుడు. మాచర్ల చెన్నకేశవుడి గుడి ఆయన పేరుతోనే చెప్పుకుంటాం. భక్తి అంటే ఆయనకి చాప! దేవుడి ముందు అందరూ ఒకటే అని నోటితో అనడం తేలిక. పక్కన కూర్చుని ఒకే కుండలోది తినడం కష్టం. ఆ కష్టమైన పని చేశాడు కాబట్టే ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా పేరు నిలిచింది.

ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో వీరుల ఉత్సవం. మనమూ వెళతాం. వీరుల ఆయుధాలు, ఆ కొణతాలు మోసేవాళ్లని చూస్తాం. వీరావేశంతో ఊగేవాళ్లని చూస్తాం. బాలచంద్రుడి పేరు వినగానే మీసం మీద చెయ్యి వేస్తాం. అయిదు రోజుల పేర్లు చెప్పండి చూద్దాం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఇందులో చాపకూడు ఏ రోజున? మందపోరు రోజున! రాయబారం అయిపోయాక, కోడిపోరుకి ముందు. మాటలు తెగిపోయిన తర్వాత, కత్తులు లేచే ముందు. సరిగ్గా ఆ మధ్య రోజున చాప! ఎవరు పెట్టారో గానీ లెక్క తెలిసి పెట్టారు. మనం ఇప్పుడు ఏ రోజులో ఉన్నాం? రాయబారాలు అయిపోయాయి. పెద్దమనుషులు చేతులెత్తేశారు. మన ఊరు మందపోరు రోజున నిలబడి ఉంది. చాప పరుస్తామా, లేక నేరుగా కోడిపోరుకి పోతామా?

ఒక కుర్రాడు మమ్మల్ని నిలదీశాడు. ‘చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడే యుద్ధం ఆపలేకపోయాడు గదా! కోడిపందెంలో ఓడి ఏడేళ్లు అడవులు పట్టాడు. తిరిగొచ్చాక రాజ్యం అడిగితే ఇవ్వలా. రాయబారానికి పోయిన అలరాజు చచ్చాడు. కొడుకు బాలచంద్రుడూ చచ్చాడు. చాప ఏం చేసింది?’

మంచి ప్రశ్న. నోరు మూయించే ప్రశ్న. మేం రెండు రోజులు ఆలోచించాం. మాకు తోచింది ఇదీ. బ్రహ్మనాయుడు చాప పరిచింది తన మాచర్ల వైపు. ఎదిరిపక్షం గురజాల వైపు పరవలేదు! సొంత మనుషుల్ని కలుపుకున్నాడు, అటువాళ్లని చాప మీదికి పిలవడానికి టైము చాలలేదు. సవతి అన్నదమ్ములు, ఒక్క ఇంటివాళ్లు, కోడి పుంజుల దగ్గర తగువు పడి నాడంతా వల్లకాడు చేశారు. మనం ఇన్నాళ్లూ ఆ యుద్ధాన్ని కొలుస్తూ వచ్చాం. చాపని మర్చిపోయాం. పౌరుషం అంటే మీసం అనుకున్నాం. అటువాడి ఇంట్లో చావు జరిగితే గడప దాటి వెళ్లడానికి ఎంత పౌరుషం కావాలో ఎప్పుడైనా చూశారా?

ఇంకోమాట. చాపకూడు పెట్టడానికి రాజో మంత్రో కానక్కర్లేదు. కోనసీమలో లంకల గన్నవరం ఉంది. గోదావరి లంకల మధ్య ఊరు. అక్కడ డొక్కా సీతమ్మ గారు అనే ఇల్లాలు ఉండేది. పడవ దిగి ఆకలితో వచ్చినవాడికి వేళ కాని వేళలో వండి పెట్టింది. కులం అడగలేదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆమె పోయింది 1909లో. ఇవాళ మన బడిలో మధ్యాహ్నం పిల్లలు తినే భోజనానికి ప్రభుత్వం పెట్టిన పేరు ఆమెదే! మన పిల్లలు రోజూ ఆమె పేరు మీద తింటున్నారు. తిని ఇంటికొచ్చి, పక్కింటి పిల్లోడి కంచంలోది తినొద్దని మన దగ్గర నేర్చుకుంటున్నారు!

బ్రహ్మంగారి మఠానికి వెళ్లొచ్చారు కదా మనవాళ్లు చాలామంది? ఆయన శిష్యుడు సిద్దయ్య ఎవరు? దూదేకుల ఇంటి బిడ్డ. కక్కయ్య ఎవరు? మాదిగ. కాలజ్ఞానం చెప్పించుకుని భయపడటానికి టైముంది మనకి. ఆయన పక్కన ఎవరు కూర్చున్నారో చూడ్డానికి టైము లేదు. మన ఊళ్లోనే పీర్ల పండక్కి గుండం చుట్టూ అన్ని కులాలవాళ్లూ తిరగలేదా? ఫాతేహా చదివించిన మలీదా మనమూ తినలేదా? ఈ చాప మనకి కొత్త కాదు. చుట్టి అటక మీద పెట్టాం. దింపుదాం!

ఎట్లా? ఇదిగో చెబుతున్నాం. ఇంతకంటే తెలివైన మాట మీ దగ్గరుంటే చెప్పండి, మార్చుకుంటాం.

ముందు చోటు. రామమందిరంలో పెడదామని మాలో కొందరన్నారు. చర్చికి వెళ్లే పల్లెవాళ్లు, మసీదుకి వెళ్లే సాయిబులు అక్కడికి మనసారా వస్తారా? మొహమాటానికి వస్తారు. అది వద్దు. చర్చి ఆవరణలో పెడితే ఇటువాళ్లకి అదే మొహమాటం. అందుకని రావిచెట్టు కింద రచ్చబండ! పైన ఆకాశం. ఎవరి తాళమూ అక్కర్లేదు.

ప్రతి సోమవారం దీపాలు పెట్టే వేళ కలుద్దాం. ముందు పది నిమిషాలు దేవుడి మాట. ఒక వారం భజన కీర్తన, ఒక వారం చర్చివాళ్ల పాట, ఒక వారం సాయిబు తాత దువా. ఎవరి వారం వాళ్లది. మిగతావాళ్లం వింటాం. వినడం కూడా భక్తే, దాన్ని మనం ఎప్పుడూ చేయలేదు! ఆ పది నిమిషాల తర్వాత గంటసేపు మనుషుల మాట. ఎవరింట్లో జబ్బు? ఎవరి మోటారు కాలింది? ఎవరి పిల్ల చదువు ఆగింది? ఏ ముసలాయన వారం నుంచి బయటికి రాలేదు? చెప్పుకుందాం. చెప్పుకున్న మాట ఊళ్లో పంచిపెట్టం, ఇది ఒట్టు!

తర్వాత కూడు. గడపకి పిడికెడు బియ్యం. రోజూ వంటకు ఎసట్లో పోసేటప్పుడు ఒక పిడికెడు పక్కన కుండలో వేయండి. వారానికి ఏడు పిడికిళ్లు. ఎవరికి బరువు? ఎవరికీ కాదు. అదే ఆరొందల గడపల పిడికిళ్లు కలిస్తే ఎంతవుతుందో మీరే కొలవండి. సోమవారం వండింది పోను మిగిలింది ఎవరింటికి పోవాలో ఆ గంటలో తేలిపోతుంది. ఎవరు ఎంత ఇచ్చారో రాయం. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది మాత్రం బడిగోడ మీద సుద్దతో రాస్తాం. ప్రతి వారం! రాయకపోతే అడగండి. అడగకపోతే మీదే తప్పు.

వంట ఒక్కో వారం ఒక్కో బజారు. మాదిగపల్లె వాళ్ల వారం కూడా ఉంటుంది. మూడో సోమవారం! ఆ వారం ఎవరు రాలేదో మేం రాసుకోం. ఎవరి మనసు వాళ్లకి తెలుస్తుంది. వచ్చిన వరసలో కూర్చోవాలి. పెద్దరికానికి పై పీట లేదు, అసలు పీటే లేదు, చాప! ఆడవాళ్లు వడ్డించి చివర్లో అడుగంటింది తినే పద్ధతి ఇక్కడ చెల్లదు. సగం మంది వడ్డిస్తే సగం మంది తింటారు, తర్వాత మారతారు. గిన్నెలు తోమేది మగవాళ్లు. మీసాలున్నవాళ్లు ముందు!

ఫ్లెక్సీ వద్దు. దండలు వద్దు. మైకు వద్దు. పార్టీ కండువా వేసుకొస్తే విప్పి జేబులో పెట్టుకోమంటాం, మర్యాదగానే. నాయకుడు వస్తానంటే రమ్మనండి, కంచం తెచ్చుకుని వరసలో కూర్చోమనండి. తాగి వస్తే మాత్రం ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టి వస్తాం. తిట్టం. వాడూ మన మనిషే, వాడి ఇల్లాలి ఏడుపు మన ఏడుపే.

తిని లేవడమే కాదు. పనుంది. మన ఊళ్లో కౌలుకి చేసేవాళ్లు ఎంతమందికి సాగుదారు హక్కు కార్డు ఉంది? 2019లో చట్టం వచ్చింది. కార్డుంటే బ్యాంకు అప్పు అడగొచ్చు, పంట పోతే పరిహారం అడగొచ్చు. పదకొండు నెలలు చెల్లుతుంది. దాని మీద భూమి యజమాని సంతకం ఉండాలి. అక్కడే ఆగింది బండి! కౌలుదారు ఒక్కడే వెళ్లి అడిగితే ‘నా పొలం నీ పేరున పోద్ది’ అంటాడు ఆసామి. పోదు! ఆ కార్డు వల్ల భూమి మీద హక్కు మారదు. ఆ మాట ఒక్కడు చెబితే వినడు. చాప మీద వారం వారం పక్కన కూర్చునే పదిమంది కలిసి వెళ్లి, ‘బాబాయ్, ఇదీ సంగతి’ అని కూర్చోబెట్టి చదివి వినిపిస్తే? ఆసామి కూడా మన ఊరివాడే. వాడికీ మనసుంది, భయం ఉంది. ఆ భయం పోగొట్టడం మన పని.

1951లో పోచంపల్లిలో ఏం జరిగింది? వినోబా భావే వచ్చి కూర్చున్నాడు. పల్లెవాళ్లు ఎనభై ఎకరాలు కావాలన్నారు. ఊళ్లో వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఇస్తానన్నాడు! అడిగిందానికంటే ఇరవై ఎక్కువ. ఇచ్చే మనిషి అప్పటిదాకా ఊళ్లోనే ఉన్నాడు. అడిగే సందర్భమే రాలేదు. ఆ తర్వాత దేశంలో చాలాచోట్ల దానమిచ్చిన భూమి కాగితాల మీదే ఉండిపోయింది, అదీ నిజమే. అందుకే అంటున్నాం, కాగితం మీద వద్దు, మన కళ్ల ముందు, మన గోడ మీద సుద్దతో!

మనసు బాగాలేని రాత్రుళ్ల సంగతి. 14416 అని ఒక నంబరుంది. ప్రభుత్వానిదే, ఏ వేళలోనైనా చేయొచ్చు, డబ్బు పడదు. గోడ మీద అది కూడా రాస్తాం. కానీ ఫోను ఒక్కటే చాలదు. ఫోను తీసినవాడు గట్టు మీద వచ్చి బీడీ ముట్టించి పక్కన కూర్చోలేడు. అది మనమే చేయాలి. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లని బజారుకి ఇద్దరు చొప్పున రోజూ ఒకసారి పలకరించి రావాలి. పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారని, డబ్బు పంపుతున్నారని మనం నిశ్చింతగా ఉంటున్నాం. డబ్బు జ్వరానికి తడిగుడ్డ వేస్తుందా?

ఇక చావు. ఊళ్లో ఎవరు పోయినా, ఏ పల్లె అయినా, ఏ పార్టీ అయినా, చాప మీద కూర్చునేవాళ్లం నలుగురం మొదట వెళతాం. రాత్రి శవం పక్కన కూర్చుంటాం. పాడె పడతాం. అటువాళ్లయినా సరే! అటువాళ్లయితే ఇంకా ముందు.

‘మీరెవరు మాకు చెప్పడానికి?’ అంటారా? ఎవరం కాదు. ‘ఇది ఏ పార్టీ పని?’ అంటారా? పార్టీ పని అయితే ఈపాటికి ఫ్లెక్సీ లేచేది. ‘మతం మార్చే పనా?’ అంటారా? ఎవరి దేవుడు వాళ్లింట్లోనే ఉంటాడు, కూడు మాత్రం కలిసి తింటాం. ‘రెండు వారాలు చేసి మానేస్తారు’ అంటారా? అనండి. ఆ భయం మాకూ ఉంది. మీరు రాకపోతే మానేస్తాం నిజంగానే. ఈ కాగితం రాసిన పదిమందిమి ఎన్నాళ్లు వండుకుని తింటాం?

కార్తీకం పోక ముందే మొదలు పెడదాం. నాలుగు తోటల్లో నాలుగు వనభోజనాలకి చందా ఇవ్వకండి. అడిగినవాడికి చెప్పండి, ‘ఈ ఏడు మాకు వేరే చోట భోజనం ఉంది’ అని. ఆ వేరే చోటుకి వాణ్ని కూడా పిలవండి!

అవ్వ కొడుక్కి మేం ఫోను చేశాం. క్షమించమన్నాం. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, ‘సోమవారం సెలవు పెట్టుకుని వస్తా. మా అమ్మ పేరున మొదటి వారం బియ్యం నావి’ అన్నాడు.

వచ్చే సోమవారం. దీపాలు పెట్టే వేళ. రావిచెట్టు కింద. కంచం, చెంబు మీవి. చాప మేం తెస్తాం.

ఇట్లు,
ఆ రాత్రి తలుపు సందులోంచి చూసిన మీ ఊరివాళ్లం